ఆ సూర్యాస్తమయం నువ్వు చూడలేదు

బరంపురం

అమ్మాయీ,

నువ్వు అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవి మీద రాసింది చదివాను. చెయ్యి తిరుగుతోంది, చాలా సంతోషం. నిర్మొహమాటంగా చెప్పమన్నావు కాబట్టి ముందు సూర్యాస్తమయం సంగతి చెప్తాను.

రాధానగర్ బీచ్‌లో సూర్యుడు సముద్రంలోకి దిగిపోవడం గురించి పేజీ నిండా రాశావు. అంతకు ముందు పేజీలోనేమో సాయంత్రం 4 గంటల బోటుకి పోర్ట్ బ్లెయిర్ బయల్దేరామని ఉంది. రాధానగర్ నుంచి గోవింద్‌నగర్ జెట్టీకి సుమారు 12 కిలోమీటర్లు. డిసెంబర్‌లో అక్కడ పొద్దుగూకేది దాదాపు 5 గంటలకి. ఆ వేళకి నువ్వు బోటులో ఉన్నావు. ఆ పేజీ రిసార్టుల ఫొటోలు చూసి రాసింది. తీసెయ్.

తీసేస్తే ఏం మిగులుతుందని టెన్షన్ పడకు. మన గోపాల్‌పూర్‌లో సూర్యుడు సముద్రంలోంచి లేస్తాడు, దిగేది మాత్రం ఊరి వెనక్కి. నీళ్లలో మునిగే సూర్యుణ్ణి ఒక్కసారైనా చూడాలని అంత దూరం వెళ్లావు. తీరా మధ్యాహ్నం రెండింటికే జీపు డ్రైవరు హారన్ కొడుతుంటే ఇసక దులుపుకుని లేవాల్సొచ్చిందని ఫోన్‌లో ఎంత బాధగా చెప్పావో! అదంతా రచనలోకి ఎందుకు రాలేదు? ఒక్క రోజు కోసం వెళ్లినవాళ్లని నడిపేది బోటు టైమే. ఏం చూశారో, ఏం చూడలేకపోయారో అదే తేలుస్తుంది. తిరుగు ప్రయాణంలో ఏసీ కేబిన్ అద్దం మీది ఉప్పు మరకల్లోంచి ఎర్రగా ఏదో కనిపించిందన్నావే, అది రాయి.

అక్కడ అంత తొందరగా ఎందుకు చీకటి పడుతుందో కూడా ఒక్క వాక్యంలో చెప్పు. దేశమంతటికీ గడియారం 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ కాకినాడ దగ్గర్నుంచి పోతుంది. హేవ్‌లాక్ దానికి తూర్పున, 93 డిగ్రీల దగ్గరుంది. తూర్పుకి వెళ్లేకొద్దీ డిగ్రీకి 4 నిమిషాలు ముందే పొద్దుగూకుతుంది, లెక్క వేసుకో.

'మనుషుల అలికిడి లేని దీవి' అన్నావు. ఆ మాట నాకు బాధ కలిగించింది. గోవింద్‌నగర్, విజయ్‌నగర్, శ్యామ్‌నగర్, కృష్ణనగర్, రాధానగర్ - ఇవన్నీ ఊళ్లు. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి కట్టుబట్టలతో వచ్చినవాళ్లని ప్రభుత్వం అక్కడ స్థిరపరిచింది. అడవి కొట్టి, పొలం చేసి, పోకచెట్లు పెంచింది వాళ్లు. నీకు కొబ్బరిబోండం కొట్టిచ్చిన ఆవిడ ఆ ఇళ్లలోని మనిషే అయ్యుంటుంది. కత్తి ఎలా పట్టుకుంది, డబ్బులు ఎక్కడ దాచుకుంది? నీకు గుర్తుంటే చాలు, బ్యాక్‌గ్రౌండ్ నేను చెప్పినంత పొడుగ్గా అక్కర్లేదు. 2018లో దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేరు మార్చారు, అది ఎక్కడో ఒకచోట ఉండాలి.

పగడపు ముక్కలు ఏరుకున్నామన్న పేరా ఉంచితే, వాటిని అక్కడే వదిలేశారో లేదో కూడా రాయి. తేవడం చట్టరీత్యా నేరం. నీ రచన చదివి ఇంకొకరు జేబులో వేసుకుని రాకూడదు.

ఇక నాకు అన్నిటికన్నా నచ్చింది నువ్వు ఒక్క వాక్యంలో వదిలేసిన సంగతి. పోర్ట్ బ్లెయిర్ జెట్టీ దగ్గర మీ మాటలు విని ఒక పెద్దాయన 'ఏ ఊరమ్మా మీది?' అని తెలుగులో అడిగాడన్నావు. శ్రీకాకుళం తీరం నుంచి ఎన్నో జాలరి కుటుంబాలు అండమాన్ వెళ్లి అక్కడే ఉండిపోయాయి. పోర్ట్ బ్లెయిర్‌లోని జంగ్లీఘాట్‌లో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. మన బరంపురం వాళ్లమా, 1936లో ఒడిశా వేరు రాష్ట్రమై మన ఊరు అందులో కలిసినప్పటి నుంచి ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, బజార్లో రెండూ. తెలుగు రాష్ట్రాల బయట బతుకుతున్న ఇద్దరు సముద్రానికి అవతల ఎదురుపడి ఊరి పేరు అడిగి తెలుసుకున్నారు. విశాఖ నుంచో హైదరాబాద్ నుంచో వెళ్లినవాళ్లు ఇది నీలా రాయలేరు. రచన అక్కడ మొదలుపెట్టు.

మీ అమ్మ 'బరంపురం' అనగానే ఆయన ఏమన్నాడు? ఆవిణ్ణి కూర్చోబెట్టి అడుగు. ఆయన మాటల్ని మన పుస్తకాల తెలుగులోకి దిద్దకుండా, ఆవిడ చెప్పింది చెప్పినట్టు రాసుకుని నాకు పంపు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు