దెయ్యానికి పవిట ఎటువైపు?

ప్రశ్న: మిత్రులం కలిసి తక్కువ బడ్జెట్‌లో సినిమా తీస్తున్నాం. చనిపోయిన అత్తగారు పడక్కుర్చీ పక్కన మెల్లగా కనిపించి మాయమవ్వాలి. గ్రాఫిక్స్‌కి డబ్బుల్లేవు. కెమెరాలోనే చేసే దారి ఉందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: ఉంది బాబూ. 1862లో లండన్ స్టేజీ మీద పెప్పర్ అనే ఆయన చూపించిన కిటుకే. కెమెరాకీ కుర్చీకీ మధ్య పెద్ద గాజు పలకను 45 డిగ్రీలు తిప్పి నిలబెట్టండి. అత్తగారు ఫ్రేములో ఉండరు. పక్కన, గాజుకి ఎదురుగా, చుట్టూ నల్లగుడ్డలు కట్టిన చోట నిలబడతారు. ఆవిడ మీద లైటు పడగానే గాజులో ప్రతిబింబం కుర్చీ పక్కన నిలబడ్డట్టు ఉంటుంది. డిమ్మర్ పెంచితే వస్తారు, తగ్గిస్తే పోతారు. గాజు నుంచి కుర్చీ ఎంత దూరమో ఆవిడా అంతే దూరంలో ఉండాలి, లేకపోతే ఫోకస్ కలవదు.

మామూలు గాజు వెనక్కి పంపేది వెలుతురులో పదో వంతు. అందుకని గదిలో లైటింగ్ తగ్గించి ఆవిడ మీద లైటు గట్టిగా కొట్టండి. చవక ఎల్‌ఈడీలు డిమ్ చేస్తే మినుకుమినుకుమనే ఫ్లికర్ వస్తుంది, హాలోజన్ అద్దెకి తెచ్చుకోండి. గాజు సన్నటిది అడగండి. మందంగా ఉంటే రెండు ముఖాలూ ప్రతిఫలించి దెయ్యానికి రెండు ముక్కులొస్తాయి. ఆవిడ కనిపించే చోట వెనక ముదురు రంగు ఉండాలి. తెల్లగా సున్నం కొట్టిన గోడ ముందు ఏ దెయ్యమూ నిలవదు.

అన్నిటికన్నా ముఖ్యం పవిట. గాజులో ఎడమ కుడి అవుతుంది. కాబట్టి ఈ సీనుకి పవిట కుడి భుజం మీద వెయ్యాలి, ముక్కుపుడక కూడా అటుది ఇటు మార్చాలి. కాస్ట్యూమర్ విసుక్కుంటే విసుక్కోనివ్వండి. గాజు సంగతి ఎవరూ కనిపెట్టరు, పవిట సంగతి మాత్రం మొదటి ఆటలోనే పట్టేస్తారు.

కుర్చీలో కూర్చున్న నటుడికి పక్కన ఎవరూ కనిపించరు. మానిటర్‌లో అత్తగారి కళ్ళు ఎక్కడున్నాయో చూసి, అదే వరుసలో ఫ్రేము బయట గోడకి ఒక స్టిక్కర్ బొట్టు అంటించండి. ఆయన దాన్నే చూడాలి.

ప్రశ్న: కంప్యూటర్లు లేనప్పుడు ఒకే హీరోని ఒకే షాట్‌లో ఇద్దరుగా ఎలా చూపించేవారు?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మాస్కింగ్ అమ్మా. లెన్సు ముందు సగం నల్ల అట్టతో మూసి ఒక పాత్రని తీసేవాళ్ళం. ఫిల్మును లెక్క ప్రకారం మొదటికి చుట్టి, ఇటు మూసి అటు తెరిచి రెండో పాత్రని తీసేవాళ్ళం. 1961లో ‘సీతారామ కల్యాణం’లో కెమెరామన్ రవికాంత్ నగాయిచ్ రావణుడికి పది తలలు తెప్పించింది మాస్కింగ్‌తోనే. అసలు టెన్షన్ కెమెరా కదలకుండా చూడటం. లంచ్ బ్రేక్‌లో కూడా స్టాండు దగ్గర మా అసిస్టెంట్లలో ఒకణ్ణి కాపలా పెట్టేవాళ్ళు. రెండు సగాలూ కలిసే గీత స్తంభం మీదో తలుపు అంచు మీదో పడాలి. చెయ్యి గీత దాటిందా, అక్కడికక్కడ తెగిపోతుంది. మరి అన్నదమ్ములు కౌగిలించుకోవాలంటే? ఒకరి మొహమే కనిపిస్తుంది. రెండోవాడి వీపు డూప్‌ది.