రాజకాలువ గట్టున కనబడిన మచ్చల పాము కొండచిలువా, రక్తపింజరా?

బెంగళూరులో బన్నేరుఘట్ట రోడ్డు పక్కనున్న మీ లేఅవుట్ వెనక, రాజకాలువ (వాననీరు పోయే పెద్ద కాలువ) గట్టు మీద సుమారు నాలుగడుగుల మచ్చల పాము ఎండలో నిగనిగలాడుతూ కనబడిందనీ, కాపలా మనిషి దాన్ని కన్నడంలో కొళకుమండల, అంటే మన రక్తపింజరి, అన్నాడనీ, పక్కింటివారు మాత్రం ఎవరో పెంచి వదిలేసిన బర్మా కొండచిలువ అయి ఉంటుందన్నారనీ రాశారు. నేను చాలా ఏళ్లుగా ఈ వైపే ఉంటున్నాను. అటవీ శాఖ అనుమతితో పాములను పట్టి అడవిలో వదిలే ఒక మిత్రునికి తోడుగా వెళ్తుంటాను. మీరు చెప్పిన గుర్తులను బట్టి అది మన దేశపు కొండచిలువ పిల్లే అని నా అభిప్రాయం.

పొడవు, లావు చూసి తేల్చుకోవాలని మాత్రం అనుకోకండి. ఎదిగిన రక్తపింజరి మూడు నాలుగు అడుగులుంటుంది. గుడ్డులోంచి వచ్చేటప్పుడు రెండడుగులైనా ఉండని కొండచిలువ కూడా ఎదిగే దారిలో ఒక దశలో సరిగ్గా అంతే ఉంటుంది. రెండూ బొద్దుగానే ఉంటాయి, రెండింటి కంటిపాపా నిలువు చీలికే, రెండూ బుసకొడతాయి. అందుకే చూపు మచ్చల అంచుల మీద, పొలుసుల మీద, తల మీద నిలపాలి.

రక్తపింజరి ఒంటి మీది మచ్చలు మూడు వరుసల్లో క్రమం తప్పకుండా సాగుతాయి. ఒక్కో మచ్చ కోలగా ఉండి, గోధుమరంగు చుట్టూ నల్లని అంచు, చాలా పాముల్లో దానికి వెలుపల సన్నని తెల్లటి గీత కనిపిస్తాయి. కొండచిలువ మచ్చల్లో ఆ పొందిక ఉండదు. అవి వెడల్పుగా, వంకర అంచులతో, ఒకదానినొకటి దాదాపు ఆనుకొని ఉంటాయి. ఇక రక్తపింజరి పొలుసుల నడుమ నిలువుగా సన్నని మిట్ట ఉండడం వల్ల ఒళ్లు గరుకుగా, మెరుపు లేకుండా కనిపిస్తుంది. కొండచిలువ పొలుసులు నున్ననివి. వాటి మీద ఎండ పడితే నీటి మీద నూనె తేలినప్పటి రంగులు కదులుతాయి. మీరు రాసిన నిగనిగ అదే కావచ్చు. గరుకు పొలుసుల ఇసుక బోవా అనే మరో పామును కూడా కొందరు కొండచిలువ పిల్ల అనుకుంటారు గానీ, దాని తోక మరీ పొట్టిగా ఉంటుంది.

తల మీద బాణపు మొనలాంటి గుర్తు ఉంటే కొండచిలువే అని చాలామంది చెబుతారు. నాకు అది చాలదనిపిస్తుంది, ఎందుకంటే రక్తపింజరి తల మీద కూడా ముట్టె వైపు కలిసే రెండు గీతలుంటాయి. ఒకసారి మిత్రుడు పట్టిన బారెడు కొండచిలువను సంచిలోకి పంపే ముందు దాని ముఖాన్ని దగ్గరగా చూశాను. ముట్టె పైభాగంలో పెద్ద పెద్ద పలకల్లాంటి పొలుసులు జతలుగా అమరి ఉన్నాయి. ముట్టె కొసన, పైపెదవి మొదటి పొలుసుల్లో చిన్న గుంటలు స్పష్టంగా కనబడ్డాయి. వేడి నెత్తురు జీవుల ఒంటి వెచ్చదనాన్ని అది చీకట్లో పసిగట్టేది వాటితోనే. రక్తపింజరికి ఆ గుంటలు ఉండవు, తలంతా చిన్న గరుకు పొలుసులే, ముక్కు రంధ్రాలు మాత్రం చాలా పెద్దవి. మలద్వారానికి ఇరువైపులా గోరు లాంటి ముల్లు, అంటే వెనక కాళ్ల అవశేషం, కొండచిలువకు ఉంటుంది గానీ దూరం నుంచి అది కనబడదు.

బర్మా కొండచిలువ సంగతి కొంచెం సున్నితమైనది. లిన్నేయస్ 1758లో పేరు పెట్టిన మన కొండచిలువకు దాన్ని చాలాకాలం ఉపజాతిగానే లెక్కించారు. 2009లో వేరు జాతిగా గుర్తించారు. మన దేశంలో దాని సహజ నివాసం ఈశాన్య ప్రాంతం, హిమాలయ పాదాల వైపు. బెంగళూరు చుట్టుపక్కల అడవుల్లో ఉండేది మన దేశపు కొండచిలువ. బర్మా జాతిలో ముదురు గోధుమరంగు ఎక్కువ, తల మీది గుర్తు ముట్టె దాకా ముదురుగా సాగుతుంది. మనదానిలో ఆ గుర్తు ముట్టె వైపు వెలిసిపోయి గులాబి ఛాయలోకి మారుతుంది, పక్క మచ్చల నడిమి భాగం లేతగా ఉంటుంది. రంగులు వెలుతురును బట్టి మోసం చేయవచ్చు కాబట్టి నేను నమ్మేది కంటి కింది పొలుసులనే. మన కొండచిలువలో పైపెదవి పొలుసు ఒకటైనా నేరుగా కంటిని తాకుతుంది. బర్మా జాతిలో కంటికీ పెదవికీ మధ్య చిన్న పొలుసుల వరుస అడ్డుగా ఉంటుంది.

కాబట్టి అది మళ్లీ కనబడితే మూడు నాలుగు మీటర్ల ఎడంలోనే నిలబడి, ఫోన్‌లో జూమ్ చేసి, తలను పక్క నుంచి ఒకటి, నడుమును పై నుంచి ఒకటి ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. ఫోటోల్లో తేలేదాకా దాన్ని విషసర్పంగానే భావించి పిల్లలను గట్టు వైపు పంపవద్దు. కర్రలతో ఎవరినీ దాని మీదికి వెళ్లనివ్వకండి: 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో కొండచిలువ అత్యధిక రక్షణ ఉన్న జీవుల జాబితా అయిన మొదటి షెడ్యూల్‌లో ఉంది, దాన్ని చంపడం జైలుశిక్ష పడే నేరం. అది కాలువ వెంట తనంతట తాను పోతుంటే పోనివ్వండి; ఇళ్ల వైపు వస్తే అటవీ శాఖకు ఫోన్ చేయండి.