గ్యాస్ గీజరుకు కిటికీ చాలదు, పొగగొట్టం మిద్దె దాటాలి

బాత్‌రూములో కిటికీ ఉంది కనుక గ్యాస్ గీజరుకు పొగగొట్టం అక్కర్లేదని మీ ప్లంబరు చెప్పారనీ, పైన మరో వాటా ఉన్నందున స్లాబుకు రంధ్రం పెట్టడం కష్టమనీ రాశారు. ప్లంబరు మాట నమ్మకండి. తిరుపతిలో మా ఇంట్లో జరిగినదాన్ని బట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

కొన్నేళ్ల క్రితం ధనుర్మాసంలో మా అక్కావాళ్లు దర్శనానికి వచ్చారు. తెల్లవారుజామునే కొండకు బయలుదేరాలని ఐదుగురూ ఒకరి తర్వాత ఒకరు స్నానాలకు వెళ్లారు. చలికి కిటికీ అద్దాలు మూసేశారు. నాలుగోగా వెళ్లింది మా మేనకోడలు. ఎంతసేపటికీ రాకపోయేసరికి మా అక్క తలుపు తట్టింది, జవాబు లేదు. గడియ ఊడగొట్టి చూస్తే ఆ పిల్ల బకెట్టు పక్కన గోడకు ఆనుకొని కూలబడి ఉంది. కళ్లు తెరిచే ఉన్నా పిలిస్తే పలకలేదు. వెంటనే వరండాలోకి మోసుకొచ్చాం గానీ, ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టాకే పూర్తిగా తేరుకుంది. ఆ గదిలో పొగ లేదు, గ్యాస్ వాసన కూడా లేదు.

వంటగ్యాస్‌లో కలిపే వాసన గ్యాస్ కారితే మనల్ని హెచ్చరిస్తుంది, మండాక అది మిగలదు. గాలి చాలక గ్యాస్ అరకొరగా మండినప్పుడు పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ వాసనా ఉండవు. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా బలంగా దాన్ని పట్టుకుంటుంది. గీజరు వంటపొయ్యి బర్నరు కన్నా ఎన్నో రెట్లు వేగంగా గ్యాస్‌ను కాలుస్తుంది కనుక, మూసిన చిన్న గదిలో, అందులోనూ వరుస స్నానాల వేళ, గాలి చాలా త్వరగా చెడిపోతుంది.

ఆ తర్వాత పొగగొట్టం వేయించాం, అయితే మొదటిసారి అదీ తప్పుగానే కుదిరింది. జీఐ గొట్టాన్ని (జింకు పూత పూసిన ఇనుప గొట్టం) పిట్టగోడ కన్నా కిందనే ఆపేయడంతో, గాలి గోడకు కొట్టుకొని తిరగబడినప్పుడల్లా మండిన వాయువులు మళ్లీ లోపలికే వచ్చేవి. మంచికని పెట్టించిన ఎగ్జాస్ట్ ఫ్యాను ఇంకా చెరుపు చేసింది: గదిలోకి గాలి వచ్చే వేరే దారి లేక, అది పొగగొట్టం గుండానే గాలిని కిందికి లాగేది. ఈ సంగతి ఒక పాత మేస్త్రీ అగరువత్తితో చూపించారు. తలుపూ కిటికీ మూసి, ఫ్యాను వేసి, గీజరును ఐదు నిమిషాలు మండనిచ్చి, గొట్టం మొదలయ్యే చోట ఉన్న సందు దగ్గర అగరువత్తిని పట్టుకోమన్నారు. పొగ ఆ సందులోకి పోవాలి. మా ఇంట్లో అది నా ముఖం మీదికి వచ్చింది. మీరు ఈ పరీక్ష చేస్తే తలుపు బయట మరొకరిని తప్పక నిలబెట్టండి.

ఇప్పుడున్న గొట్టం గీజరు మూతి వెడల్పుతోనే, ఎక్కడా సన్నబడకుండా, నిలువుగా స్లాబు దాటి పిట్టగోడ కన్నా రెండడుగులు పైకి, నీళ్ల ట్యాంకు గోడకు దూరంగా వెళ్లింది. పైన వానటోపీ ఉంది. తలుపు అడుగున జాలీ పెట్టించాం, ఎందుకంటే కింద గాలి రాకపోతే పైకి పోయేదీ ఉండదు. గ్యాస్ మండితే నీటి ఆవిరి కూడా పుడుతుంది కనుక, అడ్డంగా పోయే ముక్క ఎంత చిన్నదైనా పైకి ఏటవాలుగా ఉండాలి. లేకుంటే చల్లబడిన నీరు అక్కడే నిలిచి ఇనుము తుప్పు పడుతుంది. పివిసి గొట్టం ఆ వేడికి మెత్తబడుతుంది, దాన్ని అసలు ఒప్పుకోకండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం కూడా కొనండి. గ్యాస్ లీకు చెప్పే అలారం ఈ పనికి రాదు.

మీ ఇంట్లో స్లాబు తొలవడం కుదరదంటున్నారు కాబట్టి, గీజరునే బాత్‌రూము బయట, మూడు వైపులా తెరుచుకున్న వరండాలో, కిటికీలకు దూరంగా బిగించి, లోపలికి వేడినీళ్ల పైపు ఒక్కటే తీసుకోండి. మా అక్కావాళ్లింట్లో ఇప్పుడు అలాగే పెట్టించాం.