గో ప్రోగ్రామింగ్ భాష టెంప్లేట్‌లో (పేజీ అచ్చులో) లోపలి టెంప్లేట్‌కి డేటా ఎందుకు అందడం లేదు?

పర్లాకిమిడిలో మా బావ కిరాణా కొట్టు బిల్లు పేజీ రాస్తూ నేనూ ఇక్కడే ఇరుక్కున్నాను. పైన కొట్టు పేరు తెలుగులో, ఒడియాలో చక్కగా వచ్చింది, కింద సరుకుల వరసలు మాత్రం ఖాళీ. లోపలి టెంప్లేట్‌ని పిలిచేటప్పుడు పేరు తర్వాత చుక్క (అంటే ఇప్పుడు చేతిలో ఉన్న డేటా) పెట్టకపోతే దానికి నిల్, అంటే ఏమీ లేనిది, వెళ్తుంది. అంతే.

అసలు తిరకాసు రేంజ్‌లో, అంటే సరుకుల్ని ఒక్కొక్కటిగా తిప్పే చోట, ఉంది. అక్కడ చుక్క అంటే మొత్తం బిల్లు కాదు, ఆ ఒక్క సరుకు: కందిపప్పు, రెండు కిలోలు. కొట్టు పేరుకి, మొదట ఇచ్చిన మొత్తం డేటాని చూపే డాలర్ గుర్తు ఉందిగా అనుకుంటాం. కానీ లోపలి టెంప్లేట్‌లో డాలర్ అన్నా మీరు పంపినదే, బయటిది కాదు. సరుకూ, బిల్లూ రెండూ కావాలంటే మ్యాప్‌లో (పేరు, విలువ జతల్లో) పెట్టి పంపండి. ఆ మ్యాప్ కట్టే ఫంక్షన్ గోలో రెడీమేడ్‌గా లేదు. మనమే రాసి, టెంప్లేట్‌ని పార్స్ చేయకముందే (గో దాన్ని చదవకముందే) ఫంక్స్ అనే మెథడ్‌తో చేర్చాలి.