పునాది, కుళాయి ఇచ్చి మిగతా ఇల్లు వాళ్లకే వదిలేశారు

నగరాల్లో పేదలకు తక్కువ ఖర్చుతో, పర్యావరణానికి భారం కాకుండా ఇళ్లు కట్టడం అయ్యే పనేనా, ఏ ఆర్కిటెక్టయినా చేసి చూపించారా అని అడిగారు. చూపించారండీ. ఇండోర్‌లో అరణ్య కాలనీ ఉంది, బాలకృష్ణ దోషి గారి డిజైన్. నేను సివిల్ ఇంజనీర్‌ని, పని మీద ఇండోర్ వెళ్లినప్పుడు ఆ వీధులన్నీ తిరిగి చూశాను కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నా.

1980ల్లో మొదలైన ప్రాజెక్ట్ అది. దాదాపు 6,500 ప్లాట్లు, ఎక్కువ భాగం బాగా తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకే. చిన్న ప్లాటు సుమారు 35 చదరపు మీటర్లు, మన లెక్కలో 42 గజాలు. దోషి గారు అందరికీ పూర్తి ఇల్లు కట్టివ్వలేదు. పునాది వేసి, మరుగుదొడ్డి, నీళ్లు, కరెంటు ఏర్పాటు చేసి, మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడల్లా మీరే కట్టుకోండి అని వదిలేశారు. ఎలా పెంచుకోవచ్చో తెలియడానికి మాత్రం 80 నమూనా ఇళ్లు కట్టించారు.

ఒక ఇల్లు నాకు బాగా గుర్తుంది. కింద ముందు గదిలో కిరాణా కొట్టు, బయట నుంచే పైకి మెట్లు, పైన అద్దెకిచ్చిన గది, వీధి వైపు అరుగు మీద ఆడవాళ్లు మెంతికూర తుంచుతూ కూర్చున్నారు. ఇళ్లు గోడకు గోడ ఆనించి ఉంటాయి కాబట్టి పక్క గోడలకు ఎండ తగలదు, ఏసీ ఊసు లేకుండానే లోపల వేడి తగ్గుతుంది. ప్లాటు అమ్ముకుని వెళ్లిపోయినవాళ్లూ ఉన్నారు, అది కూడా చెప్పాలి.

మన దగ్గర నేను పనిచేసిన ఒక తొమ్మిదంతస్తుల కాలనీలో, ఇడ్లీ బండి పెట్టుకుని బతికే ఒకావిడకి ఆరో అంతస్తులో ఫ్లాట్ వచ్చింది. ఫ్లాట్ బాగానే ఉంది, కానీ బండి పెట్టుకోవడానికి కింద చోటు లేదు, ఊరికి దూరం, కొనేవాళ్లు లేరు, పైగా లిఫ్ట్ మెయింటెనెన్స్ డబ్బులు కట్టాలి. పేదవాళ్లకి ఇల్లంటే సంపాదన కూడా అక్కడే అని ప్లాన్ గీసేవాళ్లు ముందు గుర్తుపెట్టుకోవాలి, అది మర్చిపోవడమే నాకు బాధ కలిగిస్తుంది.

గోడల ఖర్చు గురించి ఆలోచిస్తుంటే కేరళలో ఆర్కిటెక్ట్ లారీ బేకర్ గారు వాడిన రాట్ ట్రాప్ బాండ్ అనే ఇటుక గోడ కట్టే పద్ధతి చూడండి. ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలి కడతారు, ఇటుకలు దాదాపు పావు వంతు మిగులుతాయి, ఆ ఖాళీ వల్ల వేడీ లోపలికి తక్కువ వస్తుంది. మామూలు మేస్త్రీకి ఇది అలవాటు ఉండదు కాబట్టి పని మొదలుపెట్టే ముందు ఒక చిన్న గోడ కట్టించి చూసుకోండి.