ల్యాప్‌టాప్ రీసెట్ అయింది, ఫైళ్లు పోయాయి, ఇప్పుడు మా వాడి ప్లేస్‌మెంట్ సంగతేంటి?

ప్రశ్న: మాది ఒంగోలు, చాలా ఏళ్లుగా బెంగళూరు మారతహళ్లిలో ఉంటున్నాం. మా అబ్బాయి బీటెక్ సీఎస్ఈ ఫైనల్ ఇయర్. ల్యాప్‌టాప్ స్లో అయిందని నేను షాపులో ఇస్తే మొత్తం రీసెట్ చేసేశారు. బయటి హార్డ్ డిస్క్‌లో విండోస్ ఫైల్ హిస్టరీ బ్యాకప్ ఉంది గానీ, అందులో ఫోల్డర్ తెరిస్తే పర్మిషన్ లేదని వచ్చింది. వాడు రెండు మూడు రాత్రులు కూర్చుని చాలావరకు వెనక్కి తెచ్చుకున్నాడు, కొన్ని ప్రాజెక్టు ఫైళ్లు మాత్రం దొరకలేదు. ఇప్పుడు ఈ బ్యాకప్ పనే నేర్చుకుంటానంటున్నాడు. బంధువులు ఎథికల్ హ్యాకింగ్ కోర్సులో చేర్చమంటున్నారు, ఆరు నెలలు, ఫీజు లక్షన్నర. రెండింట్లో ఏది మంచిది?

జవాబు: మీరు అడిగింది రెండు దారుల్లో ఏది మంచిదని. కానీ ఉత్తరం చదువుతుంటే నాకు కనిపించింది వేరే భయం, మీ చేతులతో మీరే వాడి ఏడాది పాడుచేశారేమోనని. పాడవలేదండీ. ఇంటర్వ్యూలో ఎవరూ ఫైళ్లు తెరిచి లెక్కపెట్టరు, ఈ ప్రాజెక్టులో నువ్వు చేసిందేంటి, ఈ భాగం ఇలా ఎందుకు రాశావు అని అడుగుతారు, అది వాడి బుర్రలో ఉంది. ప్లేస్‌మెంట్ల సీజన్ ముందు ఇలాంటి భయంతో ప్రతి ఏడూ ఎంతోమంది రాస్తారు, కారణాలు మారతాయి, టెన్షన్ మాత్రం ఒకటే.

దొరకని ఫైళ్ల సంగతి కూడా చెప్తాను. ఫైల్ హిస్టరీ మామూలుగా డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ లాంటి ఫోల్డర్లనే దాస్తుంది. ప్రాజెక్టు వేరే చోట, అంటే డి డ్రైవ్‌లోనో సి డ్రైవ్‌లో సొంతంగా చేసుకున్న ఫోల్డర్‌లోనో ఉంటే అది అసలు బ్యాకప్‌లోకే వచ్చి ఉండదు. అందుకని హార్డ్ డిస్క్‌ని పదేపదే గాలించడం మాని, డి డ్రైవ్ అలాగే ఉందేమో చూడమనండి, టీమ్‌మేట్స్ దగ్గర, గైడ్‌కి పంపిన మెయిళ్లలో, కోడ్ దాచుకునే గిట్‌హబ్ సైట్‌లో, గూగుల్ డ్రైవ్ బిన్‌లో వెతకమనండి. బిన్‌లో 30 రోజులే ఉంటాయి కాబట్టి ఇవాళే చూడాలి. రికవరీ చేసిపెడతామని కంప్యూటర్ షాపులుండే ఎస్పీ రోడ్డులో ఎవరైనా డబ్బు అడిగితే ముందు ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది పాత తరహా హార్డ్ డిస్కా, చిప్‌లలో డేటా దాచే ఎస్ఎస్‌డీనా కనుక్కోండి. ఎస్ఎస్‌డీలో తీసేసిన డేటాని ట్రిమ్ అనే ఏర్పాటు నిజంగానే తుడిచేస్తుంది, రీసెట్ అయ్యాక అందులోంచి వెనక్కి వచ్చే ఆశ చాలా తక్కువ. అన్నిటికంటే ముందు ఆ బ్యాకప్ డిస్క్‌కి ఇంకో కాపీ తీయించండి, ఇప్పుడు మీ దగ్గర మిగిలింది అదొక్కటే.

ఇక మీ అబ్బాయి ఏం చేశాడో మీకు అర్థమైందో లేదో నాకు తెలియదు గానీ, నాకైతే ఉత్తరంలో అన్నిటికంటే విలువైన వాక్యం, వాడు రాత్రులు కూర్చుని ఫైళ్లు వెనక్కి తెచ్చుకున్నాడన్నదే. రీసెట్ అయ్యాక పాత పేరుతోనే అకౌంట్ పెట్టుకున్నా విండోస్‌కి వాడు కొత్త మనిషే, లోపల గుర్తింపు సంఖ్య మారిపోతుంది, పాత ఫైళ్లు పాత సంఖ్య పేరు మీద ఉంటాయి కాబట్టి పర్మిషన్ లేదంటుంది. దాని ఓనర్‌షిప్ మార్చుకుని లోపలికి వెళ్లాలి. వెళ్లాక ప్రతి ఫైలు పేరు చివర తేదీ, టైమ్, యూటీసీ అని తగిలించి ఉంటుంది, ఆ టైమ్ మన టైమ్‌కి ఐదున్నర గంటలు వెనక, అంటే రాత్రి రెండింటికి దాచిన ఫైలు ముందు రోజు తేదీతో కనిపిస్తుంది. అలాంటి కుప్పలోంచి ఏది ఆఖరి వెర్షనో తేల్చుకుని తెచ్చుకున్నాడంటే ఓపిక ఉంది, పద్ధతి ఉంది. మీరేమో దాన్ని ఒక్క వాక్యంలో దాటేసి బంధువుల సలహాకి వెళ్లిపోయారు. వాడి వస్తువు వాడిని ఒక్క మాట అడగకుండా షాపులో ఇచ్చారు, ఇప్పుడు వాడి కోర్సు కూడా అలాగే తేల్చేద్దామనుకుంటున్నారు. పెద్దవారు, కోపగించుకోకండి, కానీ ఇది మారాలి.

పోయిన డేటాని వెనక్కి తేవడం నిజమైన ఉద్యోగమేనా అంటే, నిజమైనదే. 2017 జనవరి 31న ప్రోగ్రామర్ల కోడ్ దాచిపెట్టే గిట్‌ల్యాబ్ అనే కంపెనీలో ఒక ఇంజినీరు పొరపాటున అసలు డేటాబేస్‌నే తుడిచేశాడు. బ్యాకప్ కోసం చూస్తే, డేటాబేస్‌కీ బ్యాకప్ తీసే సాఫ్ట్‌వేర్‌కీ వెర్షన్ తేడా ఉండటం వల్ల రోజువారీ బ్యాకప్ అసలు తయారే కావడం లేదు, ఫెయిల్ అయిందని వెళ్లాల్సిన మెయిళ్లు కూడా ఎవరికీ చేరలేదు. అదృష్టం కొద్దీ సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన కాపీ ఉండబట్టి బయటపడ్డారు. 2022 నవంబరులో ఢిల్లీ ఎయిమ్స్ సర్వర్ల మీద సైబర్ దాడి జరిగినప్పుడు ఓపీ, ల్యాబ్ పనులు రోజుల తరబడి కాగితాల మీదే నడిచాయి. అలాంటప్పుడు డేటాని నిలబెట్టేవాళ్లే కావాలి. ఈ పని చేసే నెట్‌యాప్, రూబ్రిక్, కోహెసిటీ లాంటి కంపెనీలకి బెంగళూరులోనే ఆఫీసులున్నాయి.

అయితే ఫ్రెషర్‌కి నేరుగా బ్యాకప్ ఇంజినీర్ అని ఉద్యోగం దొరకడం కష్టం. ఇన్‌ఫ్రా సపోర్ట్‌లో, అంటే కంపెనీ సర్వర్లు, నెట్‌వర్క్ చూసుకునే పనిలో మొదలవుతుంది, నైట్ షిఫ్టులుంటాయి, మొదట్లో జీతం మీ బంధువుల ముందు చెప్పుకునేంత ఉండకపోవచ్చు. లైనక్స్, నెట్‌వర్కింగ్, కొంచెం పైథాన్, ఏదో ఒక క్లౌడ్, ఇవి వస్తే అక్కడి నుంచి పైకి దారి ఉంది. పాడైన హార్డ్ డిస్కులు విప్పి డేటా తీసే పని మాత్రం వేరు, అది చిన్న రంగం, ఖరీదైన పరికరాలు కావాలి, రెంటినీ కలపకండి.

ఎథికల్ హ్యాకింగ్ కోర్సు మీద నా అనుమానం దాచుకోను. సెక్యూరిటీ మంచి రంగమే, దాని మీద నాకు గౌరవం ఉంది. కానీ నెట్‌వర్క్ ఎలా నడుస్తుందో, ఆపరేటింగ్ సిస్టమ్ లోపల ఏముందో తెలియని పిల్లాడికి ఆరు నెలలు కాలీ లైనక్స్‌లో, అంటే హ్యాకింగ్ టూల్స్‌తో వచ్చే ఆపరేటింగ్ సిస్టమ్‌లో, టూల్స్ నొక్కించి సర్టిఫికెట్ ఇస్తే వాడికి వచ్చేది టూల్ పేర్లు. పునాది లేకుండా పై అంతస్తు కట్టినట్టు ఉంటుంది. చాలామందికి మొదట దొరికేది కూడా సైబర్ దాడుల అలర్టులు చూస్తూ కూర్చునే షిఫ్ట్ పని, దానికీ పోటీ గట్టిగానే ఉంది. నూరు శాతం ప్లేస్‌మెంట్ అసిస్టెన్స్ అని బోర్డు మీద రాస్తారు, అసిస్టెన్స్ అంటే ఉద్యోగం కాదు. బీటీఎమ్‌లో, మీ మారతహళ్లిలో పీజీల్లో ఉంటూ ఒక కోర్సు అయ్యాక ఇంకో కోర్సులో చేరుతున్న మన పిల్లలు ఎంతమందో, ఊళ్లో పొలం మీద అప్పు తెచ్చిన తండ్రులు ఎంతమందో, వాళ్ల ఫోన్లు ఎత్తుతుంటాను కాబట్టి ఇంత గట్టిగా చెప్తున్నాను. కిందటి బ్యాచ్ పిల్లల్లో ఇద్దరి నంబర్లు అడగండి. ఇవ్వకపోతే మీకు జవాబు దొరికినట్టే. వాడికి నిజంగా సెక్యూరిటీ మీద మనసుంటే పైన చెప్పిన లైనక్స్, నెట్‌వర్కింగ్‌తోనే మొదలుపెట్టొచ్చు, ఒక ఏడాది ఉద్యోగం చేశాక అటు మారొచ్చు.

ఇప్పటికైతే క్యాంపస్‌కి వచ్చే ప్రతి కంపెనీకీ కూర్చోమనండి, మామూలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం వస్తే వదలొద్దు. ఫైళ్లు ఎలా తెచ్చుకున్నాడో ఒక పేజీ రాసుకోమనండి, ఎదురైన సమస్య, చేసిన పని, దొరకనివి ఎందుకు దొరకలేదు, అన్నీ. ఇంటర్వ్యూలో కష్టమైన సమస్య ఏదైనా చెప్పమంటే వాడి దగ్గర సొంత కథ ఉంది. ఆ ఇన్‌స్టిట్యూట్‌కి అడ్వాన్స్ ఇంకా కట్టకపోతే ఆపేయండి, కట్టేసి ఉంటే రేపే వెళ్లి రిఫండ్ అడగండి, వాడిని కూడా తీసుకెళ్లండి.