బెంజ్‌లో రెనో ఇంజన్ ఉంటే తప్పేమిటి?

ప్రశ్న: 2023 మోడల్ ఆడి క్యూ3 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో కొందామని మా అబ్బాయి అంటున్నాడు. మా బండ్లను ఎన్నో ఏళ్లుగా చూస్తున్న మెకానిక్ మాత్రం, “అందులో ఇంజన్, గేర్‌బాక్స్ స్కోడా కొడియాక్‌లో ఉన్నవే, మీరు డబ్బు కట్టేది ముందున్న నాలుగు రింగులకే” అంటున్నారు. ఈ మాట ఎంతవరకు నిజం?
– పాఠకుడు, విజయవాడ

జవాబు: మీ మెకానిక్ మాటలో మొదటి సగం పూర్తిగా నిజం. రెండో సగాన్ని మాత్రం అలాగే ఒప్పుకోలేము.

ఆడి, స్కోడా, ఫోక్స్‌వాగన్ ఒకే గ్రూపుకు చెందిన కంపెనీలు. ఆ గ్రూపు 2012లో ఎంక్యూబీ అనే ప్లాట్‌ఫామ్‌ను వాడుకలోకి తెచ్చింది. ప్లాట్‌ఫామ్ అంటే అన్ని కార్లకూ ఒకే కొలతలతో పోతపోసిన చట్రమని చాలామంది అనుకుంటారు గాని, ఎంక్యూబీలో మారకుండా ఉండే ముఖ్యమైన కొలత ముందు చక్రాల ఇరుసుకూ పెడళ్లకూ మధ్య ఉన్న దూరం. ఇంజన్‌ను అడ్డంగా, ఒకే వాలులో బిగించే పద్ధతి కూడా మారదు. చక్రాల మధ్య దూరం, బండి వెడల్పు, వెనుక భాగం పొడవు మోడల్‌ను బట్టి మారతాయి. కారు తయారీలో ఎక్కువ పరిశోధన, ఎక్కువ ఖర్చు ఆ ముందు భాగానికే అవుతాయి కాబట్టి, ఒకసారి రూపొందించిన దానిని అనేక మోడళ్లకు పంచుకోవడం కంపెనీకి లాభం. లక్షల బండ్లలో నలిగి, లోపాలు బయటపడి, సరిదిద్దుకున్న భాగాలు అందుతాయి కాబట్టి కొనేవారికి కూడా అది మేలే.

2023లో మన దేశంలో అమ్మిన క్యూ3, కొడియాక్, ఫోక్స్‌వాగన్ టిగ్వాన్ మూడింటిలోనూ 1984 సీసీ టర్బో పెట్రోల్ ఇంజనే ఉంది. మూడింటి శక్తి 190 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత), టార్క్ అంటే చక్రాలను తిప్పే బలం 320 న్యూటన్ మీటర్లు, మూడింటిలోనూ రెండు క్లచ్‌లతో తానే గేర్లు మార్చుకునే ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకూ శక్తి అందే ఏర్పాటు ఉన్నాయి. పైగా ఈ మూడు కార్లనూ మహారాష్ట్రలోని ఔరంగాబాద్ (ఇప్పటి ఛత్రపతి శంభాజీనగర్) ప్లాంట్‌లోనే బిగించారు. ధరల్లో మాత్రం, 2022లో మార్కెట్‌లోకి వచ్చినప్పుడు కొడియాక్ ఎక్స్-షోరూం ధర 34.99 లక్షల నుంచి, క్యూ3 ధర 44.89 లక్షల నుంచి మొదలయ్యాయి.

ఆ పది లక్షల తేడాలో కొంత బ్రాండ్ పేరుకే పోతుంది. అందులో దాపరికం అవసరం లేదు. మిగిలినది సస్పెన్షన్, స్టీరింగ్ సర్దుబాటులోనూ, లోపలికి శబ్దం రాకుండా తీసుకునే జాగ్రత్తల్లోనూ, చేతికి తగిలే ప్రతి వస్తువు నాణ్యతలోనూ కనిపిస్తుంది. అయితే ఖరీదు ఎక్కువైన కారులో అన్నీ ఎక్కువే ఉంటాయనుకోవడం పొరపాటు. కొడియాక్‌లో ఏడుగురు కూర్చోవచ్చు, తొమ్మిది ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి. క్యూ3లో ఐదుగురికే చోటు, ఎయిర్‌బ్యాగులు ఆరు. ఇంటిల్లిపాదీ కలిసి దూర ప్రయాణాలు చేసేవారైతే నేను నిస్సంకోచంగా కొడియాక్‌నే సూచిస్తాను. మీ అబ్బాయి ఎక్కువగా ఒంటరిగానో, ఇద్దరుగానో తిరిగేవారైతే, రెండు కార్లనూ ఒకే గతుకుల రోడ్డు మీద, ఒకే వేగంతో నడిపి చూడమనండి. ఆ తేడా ఆయనకు అంత విలువైనదిగా తోస్తే క్యూ3 కొనడంలో తప్పు లేదు. ఏది కొన్నా, గేర్‌బాక్స్ ఆయిల్ మార్పుతో సహా సర్వీస్ రికార్డు మొత్తం చూడకుండా అడ్వాన్స్ ఇవ్వవద్దు.

ప్రశ్న: బెంజ్ ఏ-క్లాస్‌లో ఉన్నది రెనో డస్టర్ ఇంజనే అని విన్నాను. అంత పేరున్న కంపెనీకి సొంత ఇంజన్ చేసుకునే స్తోమత లేకపోయిందా?
– పాఠకుడు, కరీంనగర్

జవాబు: స్తోమత లేక కాదు. బెంజ్ అప్పటి మాతృసంస్థ డైమ్లర్, రెనో-నిస్సాన్ కూటమి 2010లో సహకార ఒప్పందం కుదుర్చుకున్నాయి. ఆ తర్వాత రెండు పక్షాల ఇంజనీర్లు కలిసి రూపొందించిన 1.3 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్ 2017 డిసెంబరులో వెలుగు చూసింది. కనుక దీనిని రెనో ఇంజన్ అనడం ఎంత సగం నిజమో, బెంజ్ ఇంజన్ అనడమూ అంతే సగం నిజం. రెనో దీనిని స్పెయిన్‌లోని వల్యాడోలిడ్‌లో, బెంజ్ జర్మనీలోని కొలెడాలో తయారు చేశాయి. సిలిండర్ లోపలి గోడలకు వేసే సన్నని లోహపు పూత నిస్సాన్ జీటీ-ఆర్ అనే స్పోర్ట్స్ కారు ఇంజన్ నుంచి వచ్చిన సాంకేతికత. రాపిడి తగ్గడానికి, వేడి త్వరగా బయటికి పోవడానికి అది తోడ్పడుతుంది. అంటే ఇక్కడ మంచి గుణం చవక కంపెనీ వైపు నుంచే ఖరీదైన కారులోకి వచ్చింది. ఈ సంగతి తెలిసినవారెవరూ ఆ ఇంజన్‌ను చిన్నచూపు చూడరు.

2020లో మన దేశంలో 10.49 లక్షల నుంచి అమ్మిన డస్టర్ టర్బోలో ఈ ఇంజన్ 156 పీఎస్, 254 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. 2021లో 39.90 లక్షలకు వచ్చిన ఏ-క్లాస్ లిమోజిన్‌లో 163 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇచ్చింది. డస్టర్‌కు మాన్యువల్ లేదా సీవీటీ (మెట్లు మెట్లుగా గేర్లు లేని ఆటోమేటిక్) గేర్‌బాక్స్, బెంజ్‌కు ఏడు గేర్ల డ్యూయల్ క్లచ్ జోడించారు. నడిపేవారి అనుభవాన్ని మార్చేది ఆ గేర్‌బాక్స్, బండి శరీరం, చట్రం అమరిక. నలభై లక్షలు పెట్టేవారు అడగవలసింది ఇంజన్ ఎవరిదని కాదు, తక్కినదంతా ఆ ధరకు తగినట్టుగా ఉందా అని.

ప్రశ్న: ఇలా పంచుకోవడం వల్ల ఏ కంపెనీ అయినా దెబ్బతిన్నదా?
– ఇంజనీరింగ్ విద్యార్థిని, హనుమకొండ

జవాబు: దెబ్బతిన్నవి ఉన్నాయి. అమెరికాలో జనరల్ మోటార్స్ తన ఖరీదైన బ్రాండ్ క్యాడిలాక్ పేరుతో 1982 మోడల్‌గా తెచ్చిన సిమరాన్ వాటిలో మొదట చెప్పుకోవలసినది. తమదే అయిన చవకైన షెవ్రోలే కావలియర్ శరీరాన్నే తీసుకుని, తోలు సీట్లు, కొత్త గ్రిల్ పెట్టి అమ్మబోయారు. చూడగానే పోలిక తెలిసిపోయింది, క్యాడిలాక్ పేరు మసకబారింది, 1988లో తయారీ ఆగిపోయింది. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ, టయోటా ఖరీదైన బ్రాండ్ లెక్సస్ వారి ఈఎస్. ఇప్పటి తరానికి ముందు వచ్చిన ఈఎస్ 300హెచ్, టయోటా క్యామ్రీ హైబ్రిడ్ రెండింటిలోనూ 2.5 లీటర్ల హైబ్రిడ్ వ్యవస్థ మొత్తం శక్తి 218 పీఎస్. రెండూ బెంగళూరు దగ్గరి బిడదిలోనే బిగించినవి. కానీ లెక్సస్‌కు చక్రాల మధ్య దూరం పెంచారు, శరీరాన్ని వేరుగా తీర్చారు. కంటికి కనిపించని భాగాలు పంచుకుని, కంటికీ చేతికీ అందేవి వేరుగా చేసినందువల్లే దాని గౌరవం నిలిచింది.

ప్రశ్న: అలాగైతే నా ఆడికి స్కోడా కౌంటర్‌లో స్పేర్ పార్ట్స్ కొనవచ్చా?
– పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: పార్ట్ నంబర్ చివరి అక్షరంతో సహా సరిపోతే ఫిల్టర్ల వంటివి నిశ్చింతగా కొనవచ్చు. ఆ చివరి అక్షరం భాగానికి జరిగిన మార్పును తెలుపుతుంది కాబట్టి, అది వేరైతే పాతదాని బదులు కొత్తది పనికొస్తుందని కౌంటర్‌లో నిర్ధారించుకోవాలి. బ్రేక్ ప్యాడ్లు, డిస్కులు మాత్రం చూపుకు ఒకేలా ఉన్నాయని తీసుకోకండి. బండి బరువును బట్టి, వేరియంట్‌ను బట్టి మారతాయి, ఛాసిస్ నంబర్ చెప్పి సరిచూసుకోండి. వారంటీ ఉన్న బండి అయితే బిల్లు దాచుకోండి. ఎలక్ట్రానిక్ భాగాల విషయం వేరు. మరో కారు నుంచి తీసిన స్క్రీన్‌ను, మీటర్ కన్సోల్‌ను ఆడిలో బిగిస్తే, దొంగతనాలను అరికట్టడానికి పెట్టిన రక్షణ వ్యవస్థ దానిని గుర్తించక పనిచేయనివ్వదు. అధీకృత సర్వీస్ సెంటర్ కంపెనీ సర్వర్‌కు అనుసంధానమై ఆ భాగాన్ని మీ బండికి నమోదు చేయాలి. ఆ పని చేసిపెడతారో లేదో ముందుగా అక్కడ కనుక్కున్న తర్వాతే పాత భాగానికి డబ్బు ఇవ్వండి.